పాత్రకొకటి చొప్పున తెచ్చిన చేపలు

వైకుంఠం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకు సమాధానం దొరుకుతుందో లేదో గాని, పని మాత్రం తప్పకుండా దొరుకుతుంది. రాజమండ్రిలో ఆయన నాట్య గురుకులంలో కాలు పెట్టిన ప్రతివాళ్ళకూ ఇది అనుభవమే. సువర్చలకు మరీనూ. ఆయన దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు ఆయన తరఫున ఆడపిల్లల వసతి చూసుకుంటూ, చిన్నవాళ్ళకు అడుగులు దిద్దుతున్నది ఆవిడే. అయినా ఆ రోజు అడక్క తప్పలేదు.

“ఒక్కరివల్ల పదిమందికీ మనశ్శాంతి లేకుండా పోతుంటే, ఆ ఒక్కరినీ పంపించెయ్యడం తప్పా మాస్టారూ?”

ఆ ఒక్కరూ పోలేశ్వరి. పన్నెండేళ్ళ పిల్ల. శ్రీకాకుళం వైపు సముద్రం పక్కన ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ బిడ్డ. కిందటేడు ఆ ఊరు వెళ్ళి సువర్చలే ముచ్చటపడి తీసుకొచ్చింది. గజ్జె కట్టి నిలబడిందా, కళ్ళు తిప్పుకోలేం. గజ్జె విప్పిందా, భరించలేం. ఒకదాని జడ లాగుతుంది, ఇంకోదాని పరుపు మీద నీళ్ళు పోస్తుంది, తినే కంచం ముందునుంచి అప్పడం ఎత్తుకుపోతుంది. మొన్నటికి మొన్న, నోట్లో నాలుక లేని దమయంతి వార్షికోత్సవానికి కొనుక్కున్న జడకుచ్చులు కత్తెరతో ముక్కలు చేసింది. ఎందుకు చేశావే అంటే “నానేటీ సెయ్యలేదు” అని గోడవైపు తిరిగిపోయింది. ఇక చాలనుకుని సువర్చల ఆ పిల్ల తండ్రికి ఫోను చేసింది. ఆదివారం వచ్చి తీసుకువెళ్తానన్నాడాయన.

వెళితే మళ్ళీ ఉప్పుమడే. ఆ కాళ్ళు మళ్ళీ గజ్జె చూడవు. ఆ సంగతి తెలుసు కాబట్టే సువర్చలకు అన్నం సయించడం లేదు.

మాస్టారు పిల్ల మాట ఎత్తనేలేదు. హాల్లో మూలనున్న కొత్త అక్వేరియం వైపు చెయ్యి చూపించారు. పాత శిష్యుడెవరో ముచ్చటపడి ఇచ్చిపోయాడు. తొట్టి పెద్దదే. నీళ్ళు పోసి, మొక్కలు నాటి, మోటారు ఆడిస్తూ, చేప అన్నది లేకుండా కొన్ని వారాలుగా అలాగే ఉంచారు. నీళ్ళు కుదురుకోకుండా చేపల్ని వేస్తే బతకవని ఇచ్చినవాడు మరీ మరీ చెప్పాడట.

“నీళ్ళు సిద్ధమయ్యాయిట. కలిసి బతికే చేపలు చూసి తీసుకురా. తర్వాత నీ గొడవ చూద్దాం” అన్నారు.

ఒళ్ళు మండింది సువర్చలకు. పిల్ల బతుకు సంగతి అడిగితే చేపలేమిటి, నా ఖర్మ కాకపోతే! అయినా గురువు మాట. చెప్పులేసుకుని బయల్దేరింది.

నాట్యం చేసేవాళ్ళు చేపలు కొంటే ఎలా ఉంటుందో ఆవేళ చూడాలి. దుకాణంలో తొట్ల ముందు నిలబడి, ఆవిడ బేరం మానేసి పాత్రలు పంచింది. మేలిముసుగులా తోక పరుచుకున్న నీలం ఫైటర్ నాయిక. ఒళ్ళంతా నల్ల చారలతో గిరగిరా తిరిగే టైగర్ బార్బ్ విదూషకుడు. నారింజరంగు ప్లాటీ చెలికత్తె. అడుగున ఇసుక వాసన చూస్తూ తిరిగే మీసాల చేప పురోహితుడు. ఒక్కో పాత్రకు ఒక్కోటి. ఒకే వేదిక మీద ఇద్దరు విదూషకులెందుకు? ఉన్నవాటిలోకెల్లా మేలైనదాన్ని వేలు పెట్టి చూపించి మరీ పట్టించింది.

మాస్టారు ఆ వరసంతా విని, ఫైటర్ని చూసి పకపకా నవ్వారు. “నాయిక అంటావేమే, అది మగది! పోనీలే, ఆడవేషం మగవాడు కట్టడం మనకేం కొత్తా?”

మొదటి పూట కన్నుల పండుగగానే సాగింది. పిల్లలు తొట్టి చుట్టూ మూగి గంట మోగినా కదల్లేదు. పోలేశ్వరి కూడా వచ్చింది గాని, ఎవరూ జరిగి చోటివ్వకపోతే, వెనక నిలబడి చూసి వెళ్ళిపోయింది. మర్నాటికి విదూషకుడు తన గుణం చూపించాడు. ఫైటర్ ఎటు తిరిగితే అటు వెళ్ళి తోక కొరుకుతాడు. అది మొక్కల చాటుకు పోతే ప్లాటీ వెంటపడతాడు. ఆ మర్నాటికి ఆ అందమైన తోక పీలికలైపోయింది. సువర్చల వల పెట్టి బార్బ్‌ని పట్టి సీసాలో వేసి, తిన్నగా మాస్టారి ముందుకు తెచ్చింది.

“చూడండి దీని నిర్వాకం. దుకాణంలో ఇచ్చేసి వస్తాను.”

మాస్టారు లేచి, ముందు ఫైటర్ని తీసి వేరే చిన్న తొట్టిలో వేశారు. “ఇది ఏకాంతం కోరుకునే జాతి. తోడు పెడితేనే దీనికి కష్టం” అని చెప్పి, సీసా ఎత్తి వెలుతురులో పట్టుకున్నారు. బార్బ్ గాజుకు ముక్కు ఆనించి అటూ ఇటూ కొట్టుకుంటోంది.

“దుకాణంలో ఇది ఎవరి తోక కొరికేది?”

“ఎవరిదీ కాదండీ. వీటి గుంపే ఒకటుంది. వాటితో ఆడుకుంటూ ఉండేది. అందులో బాగా మెరుస్తున్నదని దీన్ని...”

“ఆ గుంపులోవి ఇంకాసిని పట్టుకురా. నారింజ పిల్లకూ, మీసాలాయనకూ కూడా తోడు తే.”

“ఒక్కదానికే ఈ భాగోతం, గుంపు వస్తే తొట్టి మిగులుతుందా మాస్టారూ!”

ఆయన సీసాలోని బార్బ్‌ని తిరిగి తొట్టిలో వదిలేశారు. అంటే వెళ్ళాలని అర్థం. వెళ్ళింది. తెచ్చింది. వేసి, చెయ్యి వల మీదే ఉంచుకుని నిలబడింది. బార్బులన్నీ ఒక్క క్షణం బెదిరి ఒకచోట చేరాయి. ఆ తర్వాత మొదలైంది పరుగు. ఇది దాన్ని తరమడం, అది దీన్ని తరమడం, పెద్దరికం ఎవరిదో తేల్చుకోవడం, మళ్ళీ మొదటికి రావడం. పాత బార్బ్ ఏదో పోల్చుకోవడమే కష్టమైపోయింది. ప్లాటీలు పక్కనుంచి పోతున్నా ఒక్కటీ తిరిగి చూడలేదు. వాటికి తీరికే లేదు.

సాయంత్రం దాకా చూసింది సువర్చల. బాగానే ఉంది, చేపల సంగతి తేలింది. మరి తన ప్రశ్న ఏమైనట్టు? అడిగితే ఇంకే పని తగిలిస్తారోనని ఊరుకుంది.

ఆదివారం పొద్దున్నే పోలేశ్వరి తండ్రి వచ్చాడు. సన్నయ్య ఆయన పేరు. ఉప్పునీళ్ళకు పగిలిన పాదాలు కడుక్కుని, లోపలికి రమ్మన్నా రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. పోలేశ్వరి తన రేకుపెట్టె తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననిపించింది సువర్చలకు.

“ఏటి సేసినాదమ్మా మా పిల్ల?” అన్నాడు సన్నయ్య. సువర్చల చెప్పింది. జడలు, పరుపులు, కత్తెర, అన్నీ. ఆయన తల వంచుకుని విన్నాడు.

“మా కాడ దీని మీద ఎవులూ తగువు తెచ్చింది నేదమ్మా. అయిదుగురు పిల్లలు, ఎప్పుడూ ఒక్క కాడే. కొట్టుకున్నా ఆలే, తిట్టుకున్నా ఆలే. తమరొచ్చి దీన్ని ఒక్కర్తినీ కోరుకున్నారు. ఆ మిగతా నలుగురూ నేటికీ నన్ను అడుగుతారు, పోలి ఎప్పుడొస్తాదని.”

 ఆ నలుగురూ సువర్చలకు గుర్తున్నారు. ఇసుకలో వరసగా నిలబడి అడుగులు వేసి చూపించారు. వాళ్ళను చూసి, బాగుంది ఇక వెళ్ళండమ్మా అన్నది తనే. సిగ్గుతో ముఖం కందిపోయింది. వంగి, రేకుపెట్టె తనే ఎత్తుకుని లోపల పెట్టి వచ్చింది. “మధ్యాహ్నం భోజనం చేసి వెళ్దురు గాని, ఉండండి” అని మాత్రం అనగలిగింది. పోలేశ్వరి తండ్రి వంకా, ఆవిడ వంకా అయోమయంగా చూసింది.

సువర్చల అక్కణ్ణించి తిన్నగా హాల్లోకి వెళ్ళింది. మాస్టారు తొట్టి ముందు కూర్చుని మేత చల్లుతున్నారు.

“ఆ నలుగురినీ కూడా పిలిపించనా మాస్టారూ? కానీ వాళ్ళకు తాళం నిలవదండీ, నేను చూశాను. మనం నేర్పినా నాట్యం రాదు. వాళ్ళు మనకెందుకు?”

మాస్టారు చేతికి అంటిన మేత దులుపుకుని, పోలేశ్వరి ఉన్న అరుగు వైపు చూశారు.

“మనకు కాదమ్మా” అన్నారు.