పిడికిలికి పిడికిలి

తూరుపు కొండకు అవతల, జీడిమామిడి తోపు అంచున నాలుగు కొంపలుండేవి. ఒకటి ఎలుగుబంటి పోలమ్మది. మొగుడు లేడు, ఇద్దరు కూనలు. ఒకటి నాగలి మానేసిన ముసలి ఎద్దు అప్పన్నది. ఒకటి కోడిపెట్ట నూకాలమ్మది. నాలుగోది నక్క జగ్గయ్యది. తన పని తాను ఎన్నడూ చేసుకునేవాడు కాదు గానీ, ఊరందరి పనులకూ సలహా అతనిదే.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. కొండకింద సంతలో పందికొక్కు కొట్టుంది. నిరుడు అక్కడ ఒక తేనెపట్టు ఇస్తే రెండు కుంచాల కొర్రలు వచ్చేవి. ఇప్పుడు ఒక కుంచం రావడమే గగనమైంది. ఉప్పు ప్రియం, నూనె ప్రియం. రేపు ముసురు పట్టిందంటే నెల రోజులు ఎవరూ సంతకు దిగలేరు. ఆ నెల కూనలకు ఏం పెట్టాలన్నదే పోలమ్మ దిగులు.

ఒక పొద్దున జగ్గయ్య అందరినీ పిలిచి ఒక పెద్ద మట్టి కాగు చూపించాడు.

"మన పెద్దలు ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. మనమూ అలాగే చేద్దాం. రోజుకు ఇంటికొక పిడికెడు కొర్రలు. ముసురు పట్టిన రోజున తీసి పంచుకుందాం. చినుకు చినుకు కలిస్తేనే కదా వరద."

"నాకు పిడికిలెక్కడిది అల్లుడూ? ఉన్నవి గిట్టలు" అన్నాడు అప్పన్న.

"నీకు నోటెడు మావా. నూకాలమ్మకు కాలిగోళ్ళలో పట్టినన్ని. ఎవరి పిడికిలి వాళ్ళది. పిడికిలికి పిడికిలి సమానం. అందులో పెద్దా చిన్నా చూసుకుంటే ఇక ఇరుగుపొరుగు దేనికి?"

మాట ధర్మంగానే తోచింది. అందరూ తలూపారు.

పోలమ్మ పిడికిలంటే చిన్న చేటంత. జగ్గయ్య పిడికిలిలో నాలుగు చింతగింజలు పడితే ఐదోది జారిపోయేది.

పది రోజులు తిరిగేసరికి పోలమ్మ ఇంట్లో కొర్రల కుండకు అడుగు కనబడింది. ఆమెకు ఏమీ పాలుపోలేదు. నూకాలమ్మ గుమ్మం ముందు చతికిలబడింది.

"ఇదేమిటో వదినా, కొత్తగా ఖర్చు పెట్టిందేమీ లేదు. తేనె మానేశాను. దీపం మానేశాను. అయినా గింజ నిలవట్లేదు."

"నిలవలేదంటే నీ చెయ్యి దుబారా. నన్ను చూడు. నేనూ రోజూ వేస్తున్నాను, నా గంప తగ్గిందా?"

పోలమ్మ తొంగి చూసింది. తగ్గలేదు. మరి తన కుండకే ఏం రోగమో తెలియలేదు.

దారిలో జగ్గయ్య ఎదురై, "అంబలి పలచన చెయ్యక్కా" అన్నాడు. చేసింది. వారానికి ఇంకాస్త పలచన చేసింది.

"అమ్మా, ఇది అంబలా, కుండ కడిగిన నీళ్ళా?" అన్నాడు పెద్ద కూన.

"ఈ ఏడు రెండూ ఒకటేరా, తాగు."

ఆడిన మాట తప్పకూడదని కాగులో పిడికిలి మాత్రం నిండుగానే వేస్తూ వచ్చింది. చివరికి అప్పన్న దగ్గరికి వెళ్ళింది.

"మావా, పొదుపు చేసినకొద్దీ పేదనవుతున్నాను. తప్పెక్కడుందో చెప్పు."

"నాకూ అంతుబట్టడం లేదమ్మా. ఉండు, నెమరు వేసి చెప్తాను."

మూడు రోజులు కాగు పక్కనే పడుకుని నమిలాడు. పోలమ్మ గింజలు పడితే కాగు దబ్బుమనేది. జగ్గయ్య వేస్తే వేసినట్టే వినబడేది కాదు. రెండో రోజు అప్పన్న నమలడం ఆపేశాడు. మూడో రోజు మళ్ళీ మొదలుపెట్టాడు.

"వేస్తూనే ఉండమ్మా, ఆపకు" అన్నాడు. దాంతో పోలమ్మకు ఉన్న అయోమయం రెట్టింపయింది.

సరిగ్గా నలభయ్యో రోజున ముసురు పట్టింది. అందరికంటే ముందు జగ్గయ్య వచ్చాడు, పెద్ద గంపతో.

"నాలుగు కొంపలు, నాలుగు కుప్పలు. సమానంగా తీసేద్దాం" అన్నాడు.

పోలమ్మ కాగులోకి చూసింది. అందులో నాలుగో వంతు తన ఇంటికి పది రోజులకు కూడా రాదు. ముసురు నెల రోజులు.

"ఆగు అల్లుడూ" అన్నాడు అప్పన్న. "ముసలివాణ్ణి, కుప్పలంటే తికమక పడతాను. వేసినట్టే తీద్దాం. రోజుకొకటి చొప్పున తలా నలభై పిడికిళ్ళు వేశాం. తలా నలభై తీసుకుందాం. ఎవరి పిడికిలితో వాళ్ళు."

జగ్గయ్య మూతి సన్నబడింది. "అదెలా కుదురుతుంది మావా? పోలమ్మ పిడికిలి పెద్దది కదా."

"వేసేటప్పుడు కాదా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరో చెప్పన్నా" అంది నూకాలమ్మ. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "పిడికిలికి పిడికిలి సమానమని నువ్వే అన్నావు. ఇప్పుడు కాదంటే, ఇన్నాళ్ళూ కాగులో పడింది ఏమిటి?"

జగ్గయ్య ధర్మం అన్నాడు, ఇరుగుపొరుగు అన్నాడు. ఎటునుంచి మొదలెట్టినా తన మాట తన దగ్గరికే వస్తోంది. ఇక లాభం లేదని కాగులో చెయ్యి పెట్టాడు. ఎక్కువ పట్టాలని వేళ్ళు బాగా చాచాడు. చాచినకొద్దీ సందుల్లోంచి గింజలు రాలిపోయాయి.

"ఒకటి" అన్నాడు అప్పన్న.

నలభై అయ్యేసరికి గంప అడుగు కూడా మునగలేదు. నూకాలమ్మ తన గుప్పెడు గింజలు కొంగున కట్టుకున్నట్టు రెక్క కింద దాచుకుని వెళ్ళింది. అప్పన్న తన వంతు చివరికి ఉంచుకున్నాడు. పోలమ్మ వంతు వచ్చింది. నాలుగు పిడికిళ్ళు తీసి ఆగిపోయింది.

"మావా, నేను ఎక్కువ తీసుకుంటున్నానేమో. వాళ్ళకి ఇన్ని రాలేదు."

"లేదమ్మా. నీ పిల్లల నోటి దగ్గర తీసినవే నీ ఇంటికి పోతున్నాయి. కానియ్యి."

ఆమెకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆ సాయంత్రం అంబలిలో తెడ్డు నిలబడింది. కూనలు ఏమీ అడగకుండా తాగారు.

జగ్గయ్య గంప మాత్రం ఆ నెలంతా ఇంటింటికీ అప్పు అడగబోయేటప్పుడు, వానకు నెత్తిన బోర్లించుకోవడానికి పనికొచ్చింది.

నీతి: ఉమ్మడి పొదుపులో వేసేటప్పుడు ఏ కొలతో, తీసేటప్పుడూ అదే కొలత.