పాలు నిలవడం నేర్చుకున్న రోజు

ఒకప్పుడు పాలకు పారడం ఒక్కటే వచ్చు. పొదుగులోంచి చెంబులోకి, చెంబులోంచి గొంతులోకి. అంతే. పెరుగన్న మాటే ఎవరూ వినలేదు.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున గేదెలు మేపుకునే నాంచారమ్మకు ఓ పసివాడు ఉండేవాడు. పేరు బుచ్చన్న. బోర్లాపడటం అయింది, కూర్చోవడమూ వచ్చింది. తల్లి పాలు చాలడం లేదు, గేదెపాలు తాగించినా కడుపుకు ఆనడం లేదు. అన్నం ఎంత మెత్తగా పిసికి పెట్టినా పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. రోజురోజుకీ చిక్కిపోతున్నాడు.

నాంచారమ్మ గేదెపాల ముంత ముందు కూలబడింది.

"మీరైనా కాస్త గట్టిపడి నిలవరాదూ? నా బిడ్డకు ఇంకా పళ్లు రాలేదు."

"మాకు నిలవడం రాదమ్మా," అన్నాయి పాలు దిగులుగా.

"నేను నేర్పిస్తా!" అంటూ పొయ్యిలో మంట భగ్గున లేచింది. పాలు హడలిపోయి, పొంగి, ముంత దాటి పారిపోయాయి.

"అలా కాదు, నేను చూపిస్తా," అంటూ మిగిలిన పాలలోకి చింతపండు పులుసు బుడుంగున దూకింది. పాలు ముక్కలుముక్కలుగా విరిగిపోయాయి. బుచ్చన్న ఆ ముక్కల్ని నాలుకతో బయటికి నెట్టేసి గుక్కపట్టి ఏడ్చాడు.

నాంచారమ్మకూ ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, "మీ ఇద్దరిదీ మంచి మనసే. తొందరే ఎక్కువ," అంది.

మళ్లీ పాలు పితుక్కొచ్చింది. బిడ్డ బుగ్గంత వెచ్చగా చేసి ఊరుకోమని మంటకు చెప్పింది. పులుసును ఒక్క చుక్కే రమ్మంది.

"నిలవడానికి చూస్తాం. కానీ మమ్మల్ని కదపకమ్మా," అన్నాయి పాలు.

మూత పెట్టింది. బుచ్చన్న ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె చెయ్యి మూత మీదికి వెళ్లడం, వెనక్కి రావడం. చివరికి బిడ్డను భుజాన వేసుకుని ఏటి ఒడ్డున తిరుగుతూ ఉండిపోయింది.

పొద్దు వాలాక మూత తీసింది. పాలు నిలిచాయి! వేలు తగిలితే మెత్తగా వణికాయి గానీ పారలేదు.

వేలి కొసతో తీసి బుచ్చన్న నాలుకకు రాసింది. వాడు ఒక కన్ను మూసి, ముఖం చిట్లించి, ఒళ్లు విదిల్చాడు.

"అయ్యో, వద్దా నాయనా?" నాంచారమ్మ వేలు వెనక్కి తీసుకుంది.

వాడు చప్పరించాడు. గుటక వేశాడు. మళ్లీ నోరు తెరిచాడు.

అప్పటినుంచే గోరువెచ్చని పాలలో కాస్త తోడు వేసి, కదపకుండా ఉంచితే పెరుగవుతుంది. అప్పటినుంచే మొదటిసారి పెరుగు తగలగానే పసివాళ్లు ముందు ముఖం చిట్లిస్తారు. ఆ తర్వాతే నోరు తెరుస్తారు.