గవిరికి దక్కని పాలు

అనగనగా, ఉప్పుటేరు అవతల ఒక చిన్న రాజ్యం. రాజ్యం చిన్నదే గానీ రాణిగారి గొప్ప మాత్రం పెద్దది. ఆవిడకి పెళ్ళయిన పదేళ్ళకి మగపిల్లాడు పుట్టాడు. బిడ్డకి పాలిస్తే అందం పాడవుతుందని అంతఃపురంలో ఎవరో అన్నారట, ఈవిడ నమ్మేసింది. ముర్రుపాలు పిండి పారబోయించింది. పసుప్పచ్చగా చిక్కగా ఉంటాయే, ఆ మొదటి పాలు. పిల్లాడికేమో వెండి ఉగ్గుగిన్నెతో ఆవుపాలు, తేనె పట్టించింది.

ఏమయింది? పొట్ట డప్పులా ఉబ్బింది. ఆకుపచ్చ విరేచనాలు. ఏడుపే ఏడుపు. ఒక వైద్యుడొచ్చి పొడి ఇచ్చాడు, తగ్గలేదు. ఇంకో వైద్యుడొచ్చి కషాయం పోశాడు, తగ్గలేదు. భూతవైద్యుడొచ్చి వేపమండలతో దిగదుడిచాడు, అస్సలు తగ్గలేదు. ఊ అంటున్నారా, నిద్రపోయారా?

అప్పుడు సూరమ్మ అని ముసలి మంత్రసాని వచ్చింది. పిల్లాడి పొట్ట నిమిరి ఇలా చెప్పింది. పాలల్లో తోడు వేస్తే పెరుగవుతుంది కదా, ఆ తోడులో కంటికి కనపడని జీవాలుంటాయి. పసివాడి కడుపులోనూ అలాంటివి కాపురం పెట్టాలి. మంచివి తల్లిపాలతో వస్తాయి, ఆ పాలు తినే పెరుగుతాయి. అవి నిండితే చెడ్డవాటికి చోటుండదు. వీడి కడుపులో చెడ్డవి చేరాయి, పాలిచ్చే తల్లిని తీసుకురండి అంది.

రాణిగారికి అప్పటికే పాలు ఇంకిపోయాయి. భటులు వెతికి వెతికి, చేపలమ్ముకునే నూకాల్ని పట్టుకొచ్చారు. నూకాలికి రెండు నెలల ఆడపిల్ల, పేరు గవిరి. నా పిల్లనీ తెచ్చుకుంటాను బాబూ అని బతిమాలింది. దివాను కుదరదన్నాడు. రాజకొడుకు పాలల్లో ఒక్క చుక్క కూడా ఇంకొకరు తాగకూడదట. సూరమ్మ ఊరుకోలేదు.

"అయ్యా, ఎంత తాగితే అంత ఊరతాయి. ఇద్దరికీ సరిపోతాయి" అంది.

ముసలిదాని మాట ఎవరు వింటారు?

పక్షం తిరక్కముందే రాజకొడుకు పొట్ట మెత్తబడింది. నవ్వాడు. కోటలో బాజాలు మోగాయి.

ఇక్కడ గవిరికి వాళ్ళ నాయనమ్మ గంజి పట్టింది, గేదెపాలల్లో నీళ్ళు కలిపి పట్టింది. ఏం చేస్తుంది పాపం, ఆవిడ దగ్గర పాలున్నాయా? గవిరికి విరేచనాలు పట్టుకున్నాయి. కబురు కోటకొచ్చింది.

ఒక్కసారి ఇంటికెళ్ళొస్తానని నూకాలు వంటామెని అడిగింది. వంటామె కాపలావాణ్ణి అడిగింది. కాపలావాడు దళవాయిని అడిగాడు. దళవాయి దివాన్ని అడిగాడు. దివాను, రాణిగారిని అడగాలన్నాడు. రాణిగారేమో తలంటుకుంటున్నారు. తలంటు అయ్యాక సాంబ్రాణి, సాంబ్రాణి అయ్యాక జడ, జడ అయ్యాక భోజనం, భోజనం అయ్యాక నిద్ర. లేచి, సరే వెళ్ళమనండి అన్నారు. రాణిగారు దివానుకి చెప్పారు, దివాను దళవాయికి, దళవాయి కాపలావాడికి, కాపలావాడు వంటామెకి, వంటామె నూకాలికి.

నూకాలు పరిగెత్తింది. పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోతుంటే, ఏటిగట్టు వెంట పరిగెత్తింది.

ఏంటే చిన్నీ? బతికిందా అనా? లేదమ్మా. అబద్ధం చెప్పమంటావా? వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. నూకాలు ఒళ్ళోకి తీసుకుని ఆ పెదాల మీద పాలు పిండింది. చెంపల మీంచి కారిపోయాయి.

మూడోనాడు మళ్ళీ భటులొచ్చారు. రాజకొడుకు ఆకలికి ఏడుస్తున్నాడట. నూకాలి అత్త చీపురెత్తింది. నూకాలే అడ్డుపడింది.

"ఆడేటి సేసినాడత్తా, పసిగుడ్డు" అంది.

వెళ్ళింది. ఏడాదిన్నర పాలిచ్చింది.

ఆఖరికి రాజుగారు కాసులపేరు ఇవ్వబోతే తీసుకోలేదు. మరేం కావాలో కోరుకోమన్నాడు. ఇకమీద పాలకి ఎవర్ని పిలిచినా బిడ్డతో సహా పిలవండి బాబూ అంది. రాజు అలాగేనని కోటగుమ్మం మీద చెక్కించాడు. ఆ తరవాత వచ్చిన తల్లులంతా బిడ్డల్ని చంకనేసుకునే వచ్చారు. ఈ రొమ్ము ఒకరికి, ఆ రొమ్ము ఒకరికి. పిల్లలిద్దరూ బొద్దుగా పెరిగారు. అందరూ సుఖంగా ఉన్నారు.

నూకాలా? నూకాలు కూడా సుఖంగానే ఉందంటే హాయిగా నిద్రపోతారు, నాకు తెలుసు. రాజకొడుకు ఐదేళ్ళవాడై గుర్రమెక్కి వీధిలో వెళ్తుంటే ఊరంతా బయటికొచ్చి చూసేది. నూకాలు తలుపేసుకునేది. వాడి మీద కోపం కాదర్రా. ఆ బుగ్గలు చూడలేక.

పసిబిడ్డ ఆకలికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పెద్దయ్యాక ఇది గుర్తుపెట్టుకోండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.