రంగుల దిబ్బ మీద కొత్త ఇళ్ళు

అనగనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న రోజుల్లో, పింగళవరం అని ఒక చిన్న పట్నం ఉండేది.

ఆ పట్నానికి తూర్పున ఒక పెద్ద దిబ్బ. దాన్ని రంగుల దిబ్బ అనేవారు. పేరు ముచ్చటగానే ఉంటుంది. కానీ దాని మీద గడ్డి మొలిచేది కాదు. పొరపాటున ఒక మేక అటు పోయి అక్కడి నీళ్ళు తాగితే, పొద్దు గూకేసరికి నురగ కక్కేది.

ఎందుకంటారా? ఒకప్పుడు అక్కడ రత్నభూషణం అనే వర్తకుడు రంగుల కార్ఖానా నడిపాడు. తాళకం అని పసుపుపచ్చటి విషపు రాయి ఒకటుంది. దాన్ని నూరించి, సీసం కలిపించి, రాజుల మేడలకు రంగులు పంపేవాడు. మేడలు మెరిశాయి. కడిగిన నీళ్ళు మాత్రం ఆ నేలలోనే ఇంకాయి. బేరాలు తగ్గగానే వర్తకుడు కార్ఖానాకు తాళం వేశాడు. లాభం ఇంటికి తీసుకుపోయాడు. విషాన్ని అక్కడే వదిలేశాడు.

ఆ పట్నంలోనే సాలెవీధి. ఆ వీధికి పెద్ద పేరిందేవి. నేసిన గుడ్డను వెలుతురుకు పట్టి చూసేది. ఒక్క పోగు వంకర పోతే మొత్తం విప్పించేది. చేసిన మేలు మరచిపోయేదేమో కానీ పడిన మాట మరచిపోయేది కాదు. కార్ఖానా నడిచే రోజుల్లో ఆమె కాలవలో నానబెట్టిన తెల్లనూలు తెల్లారేసరికి పచ్చబడింది. అడగబోతే రత్నభూషణం నవ్వాడు.

"కూలి లేకుండా రంగు వేసిపెట్టాను కదమ్మా, సంతోషించక ఏడుస్తావేం?" అన్నాడు.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఎన్నేళ్ళయినా తీయలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు వాగు పొంగింది. సాలెవీధి మగ్గాలతో సహా కొట్టుకుపోయింది. జనం ప్రాణాలు దక్కించుకుని వాగు ఒడ్డున తాటాకు పాకలు వేసుకున్నారు. పేరిందేవి కోడలు నూకాలు అప్పుడప్పుడే నెల తప్పింది. ఆ పాకలో తడి నేల మీద చాప పరచుకుని పడుకునేది.

రాజుగారికి జాలి కలిగింది. దండోరా వేయించారు. "రంగుల దిబ్బను శుభ్రం చేయించి, సాలెవాళ్ళకు అక్కడ ఇళ్ళు కట్టిస్తాం. ఆ పని ఎవరు చేస్తారు?"

రత్నభూషణం చేతులు కట్టుకుని సభలో నిలబడ్డాడు.

"ప్రభూ, పాడు చేసింది నేనే. బాగు చేసేదీ నేనే. విషమంతా తవ్వి పారబోయిస్తాను, ఇళ్ళు కట్టిస్తాను. ఆ పక్కన సగం నేలలో నన్ను అంగళ్ళు కట్టుకోనివ్వండి. చాలు."

"ఆహా, ఎంత మంచివాడు! తప్పు ఒప్పుకున్నాడు!" అంది సభ. రాజుగారి కళ్ళు చెమర్చాయి.

పేరిందేవి కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి. "పాము తన కోరలు తానే పీక్కుంటానంటోంది. చూద్దాం," అని గొణుక్కుంది.

మర్నాటి నుంచి దిబ్బ చుట్టూ తడికలు కట్టారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. బండ్లు తిరిగాయి. పేరిందేవి దారి పక్క రాయి మీద కూర్చుని ఆ బండ్లనే చూసేది.

"నూకాలూ, ఇలా రా. ఆ బండ్లు చూడు. లోపలికి ఎలా పోతున్నాయి?"

"నిండుగా పోతున్నాయి అత్తమ్మా."

"బయటికి ఎలా వస్తున్నాయి?"

"ఖాళీగా."

"మురికి ఎత్తిపోసేవాడి బండి ఖాళీగా పోయి నిండుగా రావాలి. ఈయన బండ్లు తిరగబడ్డాయేమే?"

"మీకు ఆయన నీడ పడినా అనుమానమే! ఇటికెలు, సున్నం తోలుతున్నారేమో. నాకు నాలుగు గోడలు, ఒక పొయ్యి చాలు. మీరు చెడగొట్టకండి," అంది నూకాలు, నడుం పట్టుకుని.

అన్నీ కట్టారు. తడికలు తీశారు. దిబ్బ ఎర్రమట్టితో, పచ్చగడ్డితో కళకళలాడుతోంది. వరసగా పెంకుటిళ్ళు. మధ్యలో కార్ఖానా నాటి పాత బావికి కొత్త గచ్చు. పాకల్లో జనం ఈలలు వేశారు.

రాజుగారు అన్నారు: "సాలెవాళ్ళ పెద్ద సరే అంటేనే గృహప్రవేశం. కానీ వానలు పడేలోగా చెప్పాలి. లేకపోతే ఈ ఇళ్ళు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం."

అదీ చిక్కు. సరే అంటే, నేలలో విషం ఉంటే, పుట్టబోయే బిడ్డ ఆ నీళ్ళే తాగాలి. కాదంటే, వానల్లో ఆ బిడ్డ తాటాకు కింద పుట్టాలి.

పేరిందేవి రాజుగారి ముందుకు వెళ్ళింది. "ప్రభూ, నాకు అనుమానం. నేల తవ్వి చూపించమనండి."

"ఓ, తప్పకుండా!" అన్నాడు రత్నభూషణం. "ఇదిగో, ఇక్కడ తవ్వండి." ఈశాన్య మూలన కాలితో గీత గీశాడు.

గునపాలు దిగాయి. మోకాలి లోతు పోయినా ఎర్రమట్టే. నడుం లోతు పోయినా ఎర్రమట్టే. ఎక్కడా పసుపుపచ్చ చారిక లేదు, కంపు లేదు.

జనం గొల్లున నవ్వారు. "పేరిందేవమ్మా, ఇంకా తవ్వితే పాతాళం వస్తుంది!"

ఆమె పళ్ళు కొరికింది. చోటు తను చూపించాల్సింది, వాణ్ణి చూపించనిచ్చింది. "ఇంకో చోట..." అనబోయింది. రత్నభూషణం చెవులు మూసుకున్నాడు.

"శివశివా! భూమిపూజ చేసిన నేల. ఒకసారి గునపం తగిలితేనే శాంతి చేయించాలి. ఊరికి అరిష్టం తెస్తావా తల్లీ?"

అరిష్టం అనేసరికి రాజుగారు కూడా చెయ్యి అడ్డం పెట్టారు.

నాలుగు రోజులు పోయాయి. మబ్బులు కమ్ముతున్నాయి. పేరిందేవి మళ్ళీ వెళ్ళింది.

"ప్రభూ, మనిషి అబద్ధమాడతాడు కానీ పశువు ఆడదు. ఆ నేల మీద గడ్డి ఆవుకు మేపించండి."

"ఆవే కదా? తెప్పిస్తాను!" అన్నాడు రత్నభూషణం. తన ఇంటి ఆవునే తెప్పించాడు. మెడలో గంటలు, కొమ్ములకు పసుపు. ఆవు వచ్చింది, గడ్డి కరకర నమిలింది, తోక ఊపింది. మర్నాడు ఎప్పటిలాగే చెంబు నిండా పాలిచ్చింది.

ఈసారి జనం నవ్వలేదు. కోప్పడ్డారు.

"నీ పగ నీ దగ్గర ఉంచుకో! మా పిల్లల నెత్తిన కప్పు పడనివ్వు!" అని కేకలేశారు.

రత్నభూషణం తీయగా అన్నాడు: "ఆ నూలు సంగతి ఇంకా మరచిపోలేదా పేరిందేవమ్మా?"

"మరచిపోవడానికి నువ్వేమన్నా దానం చేశావా?" అంది పేరిందేవి. అనేసి ఇంటిదారి పట్టింది. కానీ ఆ రోజు ఆమె తనను తానే అడిగింది. నిజంగా ఆ నేలలో విషముందా, లేక నా గుండెలో ఉన్నదే నాకు అక్కడ కనబడుతోందా?

ఆలోచించింది. మొదటిసారి చోటు వాడు చూపించాడు. రెండోసారి ఆవును వాడు తెచ్చాడు. గడ్డి కూడా వాడు ఎక్కడినుంచో మట్టిగడ్డలతో సహా తెచ్చి పరిచిందే. "రెండుసార్లూ నేను కేకలు వేశాను, కొలబద్ద వాడి చేతికిచ్చాను. నోరు మూసుకుని కొలబద్ద నేను పట్టుకోవాలి," అనుకుంది.

మూడోసారి వెళ్ళింది. ఈసారి చేతులు జోడించింది. గొంతు తగ్గించింది.

"ప్రభూ, నా మాట వెనక్కి తీసుకుంటాను. మా పట్నంలో నేల చేతులు మారితే ఎదురుపంక్తి పెట్టుకుంటాం. ఆ నేల మీద మొలిచిన ఆకుకూర, ఆ బావి నీళ్ళతో వండి, ఇచ్చినవాళ్ళు ఒక వరస, పుచ్చుకున్నవాళ్ళు ఒక వరస, ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తాం. అది జరిగితే నేను సరే అంటాను."

"ఇంతేనా!" అన్నారు రాజుగారు. "నేనూ వస్తాను."

"ఇంతేనా!" అన్నాడు రత్నభూషణం కూడా. ఆయన ఆ పట్నానికి ఎక్కడినుంచో వచ్చినవాడు. ఏళ్ళ తరబడి ఉన్నా ఎవరి పంక్తిలోనూ కూర్చోలేదు. పిలిచినా గడప దగ్గరే తాంబూలం అందుకుని వెళ్ళిపోయేవాడు. ఆ ఆచారంలో ఇంకేముందో ఆయన అడగలేదు. పేరిందేవి చెప్పలేదు.

రత్నభూషణం ఇళ్ళ వెనక తోటకూర మళ్ళు వేయించాడు. వాన పడకముందే కూర ఎదిగింది. పంక్తి రోజు వచ్చింది. పందిరి వేశారు. పేరిందేవి పొద్దున్నే వచ్చి ఒక మూల కూర్చుంది.

ఒక పొయ్యి కాదు, రెండు పొయ్యిలు వెలిగాయి.

"ఆ రెండోది ఎందుకు నాయనా?" అని వంటవాణ్ణి అడిగింది.

"అయ్యగారికి మడి వంట అమ్మా. ఏదో మొక్కట."

కాసేపటికి రత్నభూషణం ఇంటినుంచి ఇత్తడి బిందెలతో నీళ్ళు వచ్చాయి. తెర వెనక్కి పోయాయి. బుట్టలో కూర వచ్చింది. అదీ తెర వెనక్కే పోయింది.

ఇదివరకటి పేరిందేవి అయితే పందిరి ఎగిరిపోయేలా అరిచేదే. ఈసారి నోరు మెదపలేదు. తన వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పింది. "నేను తినేదాకా ఎవరూ మెతుకు ముట్టకండి."

"ఆకలేస్తోంది అత్తమ్మా," అంది నూకాలు.

"వేయనీ. ఆకలి చంపదు."

వరసలు కూర్చున్నాయి. ఇటు సాలెవాళ్ళు. అటు రత్నభూషణం, ఆయన భార్య, కొడుకులు, అల్లుళ్ళు. పేరిందేవికి సరిగ్గా ఎదురుగా రత్నభూషణం. విస్తళ్ళు వేశారు. ఇటు ఈ పొయ్యి మీది అన్నం, అటు ఆ పొయ్యి మీది అన్నం. రెండూ తెల్లగానే ఉన్నాయి. కూర రెండూ పచ్చగానే ఉన్నాయి. పొగలు కక్కుతున్నాయి.

"కానివ్వండి," అన్నారు రాజుగారు.

రత్నభూషణం ముద్ద కలిపాడు.

"ఆగు నాయనా," అంది పేరిందేవి. "అంత తొందరేం? ఇంకా మార్చుకోలేదు కదా?"

"ఏమిటి మార్చుకునేది?"

"విస్తళ్ళు. ఎదురుపంక్తిలో ఇచ్చినవాళ్ళ విస్తరి పుచ్చుకున్నవాళ్ళకు, వాళ్ళది వీళ్ళకు. ఒకరికి వడ్డించింది ఒకరు తింటేనే నేల చేతులు మారినట్టు. ఇక్కడ పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. నీకు తెలియదా?"

సాలెవాళ్ళంతా ఒక్కసారి వంగారు. విస్తళ్ళు జరజర జరిగాయి. తెల్లని అన్నం అటు పోయింది, తెల్లని అన్నం ఇటు వచ్చింది.

రత్నభూషణం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నాకు... నాకు మొక్కు ఉంది. మడి వంటే తినాలి," అన్నాడు.

"మీరు తినకపోతే పోనీ, నేను మొదలుపెడతాను. పాపం, అందరూ ఆకలితో ఉన్నారు," అంది ఆయన భార్య. ఆమెకు ఏమీ తెలియదు. భర్త చేసిన ధర్మకార్యానికి పొంగిపోతూ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ముద్ద కలిపింది. నోటి దాకా ఎత్తింది.

"వద్దు!" అని రత్నభూషణం అరిచాడు. చేత్తో ఆమె చేతిని కొట్టాడు. ముద్ద నేల పాలైంది. అటువైపు కొడుకుల్ని, అల్లుళ్ళని చూసి, "ఎవరూ ముట్టకండి! లేవండి!" అని కేకేశాడు.



పేరిందేవి తన ముందుకు వచ్చిన విస్తరిలోంచి ఒక ముద్ద తీసి నింపాదిగా తింది. "ఇది బాగానే ఉంది," అంది. "అదెందుకు వద్దో రాజుగారికి చెప్పు."

రాజుగారు లేచి నిలబడ్డారు. రత్నభూషణానికి ఇక చెప్పక తప్పలేదు. ఈశాన్య మూల ఒక్కటే నిజంగా తవ్వించాడు. మిగతా దిబ్బ మీద మూరెడు ఎర్రమట్టి పోయించాడు. అందుకే బండ్లు నిండుగా పోయి ఖాళీగా వచ్చాయి. బావికి పైన గచ్చు వేయించాడు, అడుగున పూడిక ముట్టుకోలేదు.

"నీ భార్యకు వద్దన్న ముద్ద, నా కోడలి కడుపులో బిడ్డకు పెట్టబోయావా?" అంది పేరిందేవి. ఈసారి కూడా ఆమె అరవలేదు. ఆయన భార్య పట్టుకొంగుతో మొహం కప్పుకుంది.

"తీయని మాటకు నేనూ మోసపోయాను," అన్నారు రాజుగారు. "రత్నభూషణం, నీకు అంగళ్ళు లేవు. నీ ఆస్తి ఈ పనికే ఖర్చవుతుంది. పచ్చని చారిక కనబడని లోతు దాకా తవ్వాలి. ఆ మట్టిని రాతికొండ మీద ఇటికెలతో కట్టి గచ్చు చేసిన గోతిలో పూడ్చి మూత వేయాలి. మొదటి గంప నీ నెత్తిన ఉండాలి. చోటు చూపించేది పేరిందేవి."

ఆ వానాకాలం సాలెవాళ్ళు రాజుగారి ఏనుగుల సాలలో ఉన్నారు. నూకాలు అక్కడే కన్నది. పుట్టిన ఆడపిల్ల గొంతు విని మావటివాడు, "ఇది నాయనమ్మే!" అన్నాడట.

పేరిందేవి రోజూ దిబ్బ మీద నిలబడేది. కట్టిన ఇళ్ళు విప్పించింది. బావి పూడిక తీయించింది. "చాలు కదమ్మా," అని రత్నభూషణం చెమట తుడుచుకుంటే, "ఇంకా చారిక ఉంది," అనేది. తవ్వినచోటే మళ్ళీ తవ్వించేది. ఎండలూ వానలూ తిరిగి వచ్చాకే మళ్ళీ గోడలు లేచాయి.

మళ్ళీ ఎదురుపంక్తి పెట్టారు. ఒకటే పొయ్యి. ఒకటే బావి. విస్తళ్ళు మారాయి. ఎవరూ చెప్పకముందే రత్నభూషణం ఆవురావురుమని తిన్నాడు. భార్యకూ తానే వడ్డించాడు. పేరిందేవి ఆయన్ని చివరి మెతుకు దాకా చూసింది. అప్పుడు తాను ఒక ముద్ద పెట్టుకుంది.

"ఎలా ఉంది తల్లీ?" అన్నారు రాజుగారు.

"ఉప్పు చాలలేదు," అంది పేరిందేవి. అని, విస్తరి ఖాళీ చేసింది.

కాబట్టి పిల్లలూ, అనుమానం వస్తే కేకలు వేయకండి, పరీక్ష పెట్టండి. పరులకు వడ్డించింది తాను తినలేనివాడి మాట ఎంత తీయగా ఉన్నా నమ్మకండి.