గుడి వద్దన్న పోనమ్మ తల్లి

గుట్టకిందపల్లె దాటి వేరుశనగ చేల మధ్యగా వెళితే తంగేడు పొదల నడుమ ఒక రాళ్ల కుప్ప కనిపిస్తుంది. అదే పోనమ్మ తల్లి సన్నిధి. గోపురం ఎక్కడని అడగవద్దు, లేదు. పైకప్పు కూడా లేదు. నేల ఎగుడుదిగుడుగా ఉందని, చదును చేసి బండలు పరిపిస్తే బాగుంటుందని సలహా ఇచ్చే భక్తులు ఏటా వస్తూనే ఉంటారు. వారికి ఆలయ కమిటీ తరఫున ఒకటే మనవి, ముందు ఈ కథ చదవండి.

పూర్వం ఇక్కడ గండమనాయకుడనే పాలెగాడు ఏలికగా ఉండేవాడు. ఆయనకు ఏనుగు మీద ఊరేగాలని కోరిక పుట్టింది. ఏనుగు ఇంకా రాలేదు. ఎక్కడి నుంచి వస్తుందో కూడా తేలలేదు. అయినా ఏనుగుసాల ముందే సిద్ధంగా ఉండాలని, ఇక్కడి తుప్పలు కొట్టి నేల చదును చేయడానికి మట్టిపని వాళ్లను పిలిపించాడు.

ఆ కాలంలో గడ్డపార వేసే ముందు ఒక ఆచారం ఉండేది. పురోహితుడు ఆ చోట నిలబడి బలి అన్నం చల్లి, “ఇక్కడ కాపురమున్న ప్రాణులారా, ఈ చోటు మాకు విడిచి పొండి” అని గట్టిగా కోరేవాడు. పాములకు, పిట్టలకు, కంటికి కనిపించని వాటికి చెప్పే మాట అది. కాసేపు ఆగి, ఎవరూ పలకలేదు కనుక ఒప్పుకున్నట్టేనని పని మొదలుపెట్టేవారు. నోరులేని వాటిని అడిగి, అవి సరేనన్నాయని అనుకోవడం మనుషులకు ఎంత సుఖమో చూడండి.

ఆ రోజు పురోహితుడు యజ్ఞన్న సోమయాజి ఆ మాట అనగానే తుప్పల్లోంచి బదులు వచ్చింది.

“నేను పోను.”

మేకలు కాచుకునే చెన్నక్క ఒక రాళ్ల కుప్ప మీద కూర్చుని ఉంది. జ్వరంతో పోయిన ఆమె పసికూతురిని అక్కడే పూడ్చారు. నక్కలు తవ్వకుండా ఆ రాళ్లను ఆమె తన చేతులతో పేర్చుకుంది.

“నా బిడ్డ ఈడ ఉండాది సామీ. అది లేచి నడిచొస్తే ఇద్దరం పోతాం” అంది.

మేస్త్రి గడ్డపార కింద పెట్టేశాడు. నాయకుడు మండిపడి, “వినపడలేదనుకుని తవ్వండి” అని గద్దించాడు.

సోమయాజి బలి పళ్లెం నేల మీద ఉంచి, “అడిగినాము, వద్దన్నది. ఇంక తవ్వితే అడిగేది ఎందుకు దొరా?” అన్నాడు.

నాయకుడు తానే గడ్డపార ఎత్తి రాళ్ల పక్కన పొడిచాడు. మొన వంగింది గాని మట్టిపెళ్ల కూడా లేవలేదు. చెన్నక్క కదలలేదు. “ఇంకో పోటు పొడువు దొరా. ఈతూరి నన్ను పొడువు” అంది. నాయకుని బంట్లే తలలు దించుకున్నారు.

నాయకుడు కోపంతో డేరాలోకి పోయి పడుకున్నాడు. ఆ మధ్యాహ్నపు కునుకులో ఒక చిన్నపిల్ల వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. “నన్ను పొమ్మన్నావంట. యాడికి పోవాల?” అని అడిగింది. ఆయన చెయ్యి విడిపించుకోబోయాడు. పిల్ల చెయ్యి వదలలేదు. మెలకువ వచ్చాక కూడా ఆ వేళ్ల చల్లదనం పోలేదని పెద్దలు చెబుతారు.

ఆయన బయటికి వచ్చి, కొలతకు పాతిన మేకులన్నీ తానే పెరికేశాడు. ఇక్కడ గుడి కట్టిస్తానన్నాడు. చెన్నక్క దానికీ ఒప్పుకోలేదు. “నా బిడ్డ మీద మట్టి బరువు చాలు. నీ గుడి బరువు ఎందుకు?” అంది. పోనన్న మాటే పేరుగా, తల్లీబిడ్డలను కలిపి జనం పోనమ్మ అని కొలవసాగారు. ఏనుగు మాత్రం రానే లేదు.

నేటికీ ఈ చుట్టుపక్కల ఇల్లు కట్టబోయేవారు ముందు అమ్మకు దండం పెట్టుకుని, తమ స్థలంలో నిలబడి, “ఇక్కడ ఎవరిదైనా ఏదైనా ఉందా?” అని నలుగురి ముందు అడుగుతారు. ఉందని ఒక్కరు చెప్పినా ఆ మేర వదిలి కడతారు. అందుకే మా ఊళ్లలో కొన్ని గోడలు వంకరగా ఉంటాయి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. ఆ ఇళ్లలో కంటినిండా నిద్ర పడుతుంది.

తమ నేల చేజారిపోతున్నవారు కూడా ఇక్కడికి వస్తారు. వారికి టికెట్ లేదు, కొబ్బరికాయ అక్కరలేదు. రాళ్ల పక్కన కూర్చుని “నేను పోను” అని పైకి అనాలి, అంతే. నేల దక్కుతుందని మేము మాట ఇవ్వలేము. కాని రేపు అదే మాట అధికారుల ఎదుట అనవలసి వచ్చినప్పుడు వారి గొంతు వణకదు. అమ్మ ఇచ్చే వరం అది.