మేడమ్ ముఖం రాయి అయిన వేళ

సుధన్వకున్న చిక్కల్లా ఒక్కటే. అతనికి అన్నీ చటుక్కున తెలిసిపోయేవి.

పసిపిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో, ఎక్కడ తడబడుతుందో పరిశోధించడం నేర్పే కేంద్రం మాది, విశాఖలో. గురువు డాక్టర్ సబీహా గారు. సుధన్వ ఆవిడ శిష్యుడు. కెమెరా నాది. నా కెమెరా ముందు నవ్వని బిడ్డ ఈ తీరంలోనే పుట్టలేదు. పాప ఏడవబోతోందంటే పెదవి వణకడానికి వారం ముందే పసిగట్టేవాణ్ణి. అంతటివాణ్ణి, ఆ రోజు తెరిచిన నోరు సాయంత్రం దాకా మూయలేదు.

భీమిలి నుంచి నూకరత్నం తన ఎనిమిది నెలల పాపను తెచ్చింది. పెద్దవాడికి నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. అందుకని చెల్లెల్ని ముందునుంచే కనిపెట్టి చూస్తామని మేమే రమ్మన్నాం.

మా పరీక్ష చిన్నది. తల్లి కాసేపు పాపతో ఆడుతుంది. తరవాత రెండు నిమిషాలు పలక్కుండా, ముఖం కదపకుండా, పాపనే చూస్తూ కూర్చుంటుంది. అప్పుడు పాప ఏం చేస్తుందో మేం చూస్తాం.

ఈ పాప కాళ్లు తన్నింది. "ఊఁ" అంది. చెయ్యి చాపింది. తల్లి ముఖం కదలలేదు. పాప మెల్లిగా కిటికీ వైపు తల తిప్పుకుని అలాగే ఉండిపోయింది. ఏడవలేదు. సమయం అయ్యాక తల్లి నవ్వి పిలిచినా వెంటనే తిరగలేదు.

"చూశారా గవరయ్యగారూ," అన్నాడు సుధన్వ నాతో, పెన్నుకు మూత పెడుతూ. "తల్లి మీద ఆసక్తే లేదు. అన్న దారే."

నూకరత్నం వినేసింది.

"నానంటే దానికి అక్కర్నేదా బావూ? మా యత్త కూడా అదే అంటాది." పాపను ఇంకాస్త అదుముకుంది.

"కూర్చోమ్మా, మేడమ్‌తో మాట్లాడి వచ్చి చెప్తాను," అంటూ అతను లోపలి గదిలోకి నడిచాడు. వెనకే నేను. నేను లేకుండా ఆ కేంద్రంలో ఏదీ జరగదు.

మేడమ్ టీ తాగుతున్నారు. "రా నాయనా," అని నవ్వారు.

"పాప తల్లిని పట్టించుకోలేదు మేడమ్. నేను అరనిమిషంలోనే కనిపెట్టేశాను."

మేడమ్ కప్పు కింద పెట్టారు. ముఖంలోంచి నవ్వు వెళ్లిపోయింది. కోపం రాలేదు. ఏమీ రాలేదు. కళ్లు అతని మీదే ఉన్నాయి, వాటిలో ఆవిడ లేరు.

నమ్మితే నమ్మండి, గోడమీద బల్లి ఎత్తిన అడుగు దించడం మరిచిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, గాలి ఆగిపోయింది.

"మేడమ్?" సుధన్వ నవ్వాడు. "మళ్లీ చెప్పమంటారా?" కాస్త గట్టిగా మళ్లీ చెప్పాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏమైనా తప్పు... టీ చల్లారిపోతోంది మేడమ్." గొంతు సన్నబడింది. చొక్కా గుండీ పట్టుకుని తిప్పాడు. దిక్కుతోచక నావైపు చూశాడు. నేనేం చెయ్యను? నడిసముద్రంలో తుఫానును గుడ్లురిమి వెనక్కి పంపినవాణ్ణి, ఆ ముఖం చూడలేక చేతిలోని కెమెరా తుడుచుకుంటున్నాను.

చివరికి సుధన్వ కిటికీ వైపు తిరిగిపోయాడు.

మేడమ్ ముఖంలోకి మేడమ్ తిరిగొచ్చారు. "సుధన్వా," అని మెత్తగా పిలిచారు.

అతను వెంటనే తిరగలేదు.

"కిటికీలో ఏముంది నాయనా?"

"ఏమీ లేదు మేడమ్."

"మరి నా మీద ఆసక్తి పోయిందా?"

సుధన్వ బయటి గది వైపు తల తిప్పాడు.

"ఎనిమిది నెలల పిల్ల... ఇంత భరించిందా మేడమ్?"

ఆవిడ చల్లారిన టీ అందుకున్నారు.

"అయితే పాపకి ఏ ఇబ్బందీ లేనట్టేనా?" అన్నాడు సుధన్వ.

"నాకు తెలీదు. ఇంకా చాలాసార్లు చూడాలి. ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్లు."

బయట నూకరత్నం లేచి నిలబడింది. సుధన్వ ఆమెను కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చున్నాడు.

"పాప ఎలా ఎదుగుతుందో ఇప్పుడే చెప్పలేనమ్మా. చెప్పగలిగినట్టు ఇందాక మాట్లాడాను. కానీ పాప మీరు అక్కర్లేక తల తిప్పుకోలేదు. మీ ముఖం అలా అయిపోతే చూడలేకపోయింది."

నూకరత్నం ఒళ్లోకి చూసుకుంది. పాప ఆమె గాజులు లాగుతోంది.

"ఇంత పిల్లకి లోపల అంత ఉంటాదా బావూ?"

సుధన్వ జవాబు కోసం గుమ్మం వైపు చూశాడు. అక్కడ మేడమ్ నిలబడి ఉన్నారు. ఆవిడ కూడా పాపనే చూస్తున్నారు, జవాబు అక్కణ్ణించే రావాలన్నట్టు.