పంపు తెచ్చినవారికే పక్క సీటు

రాజ్యాలు పోయినా కొరడాలు పోని రోజుల్లో, కోనగుట్ట జమీందారుగారికి ఒక పాత జీపు ఉండేది. నాలుగు చక్రాలూ లాగే బండే గానీ, ఘాట్ ఎక్కేటప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు అందక ఆగిపోయి వెనక్కి జారేది. కార్బురేటర్ పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టమని మెకానిక్ దస్తగిరికి హుకుం అయింది. ఇంజన్‌లోకి పెట్రోలు తోసేందుకు దానికి కావలసిన కొత్త పంపు దివాన్‌గారు పట్నం నుంచి తెప్పించారు.

పరీక్ష రోజు పొద్దున దస్తగిరి జీపు తాళం తిప్పి చెవి ఒగ్గాడు. నిన్న తను బిగించిన పంపు సన్నగా రొద చేసింది. ఇదేమో గరగరమంటోంది! ఎవరో పాతది పెట్టి కొత్తది కాజేశారు. జీపు ఉండే షెడ్డు తాళంచెవి దివాన్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. కానీ ఆయన మీద చెబితే నమ్మేదెవరు?

జమీందారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. "ఎక్కరా పక్కన. లోయ అంచున ఆగిందో, నిన్నక్కడే తోసేస్తాను."

దస్తగిరి చేతులు కట్టుకున్నాడు. "దొరా, తమరి పక్కన కూర్చునే అర్హత నాకెక్కడిది? పంపు తెప్పించిన దివాన్‌గారికే ఆ గౌరవం దక్కాలి."

దివాన్ మొహం పాలిపోయింది. "నాకు... నడుం నొప్పి ప్రభూ."

"ఇందాక గుర్రం మీద వచ్చావుగా?" జమీందారు మెల్లగా జీపు దిగాడు. "నువ్వే ఎక్కడానికి భయపడే బండిలో నన్ను పంపుతున్నావా?"

దివాన్ ఆయన కాళ్ల మీద పడ్డాడు.

జమీందారు దస్తగిరి వైపు తిరిగాడు. "మరి నువ్వు ఎక్కుతావా?"

"కొత్త పంపు బిగించాక ఎక్కుతాను దొరా. అందాకా నాకూ నడుం నొప్పే."